తిరకాసు ఆధారాన్ని విప్పడం ఎలా, విప్పింది చెప్పడం ఎలా

"తలకిందులైన తీగ (2)". ఇదొక గళ్ళనుడికట్టులో (క్రాస్‌వర్డ్‌లో) నిలువు ఆధారం, అంటే పై నుంచి కిందికి రాసే జవాబుకు ఇచ్చే క్లూ. బ్రాకెట్లో 2 అంటే జవాబుకు రెండు గళ్ళు. ఇది చదవగానే పందిరి మీంచి వేలాడే బీరపాదు, కాకరపాదు కళ్ళ ముందు కదిలాయంటే గళ్ళు కట్టే కూర్పరి పని సగం అయిపోయినట్టే. మిమ్మల్ని ఆ పందిరి కింద కాసేపు తిప్పడమే ఆయనకు కావాలి. పాదుల్ని పక్కన పెట్టి మాటల్ని విడగొట్టండి: తల, కిందులైన, తీగ. 'తల'ను కింది నుంచి పైకి చదివితే 'లత'. లత అంటే తీగ. ఆధారంలో ఒక్క మాట కూడా వృథా కాలేదు.

వారపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో వచ్చే మామూలు గళ్ళనుడికట్టు చాలామంది అలవోకగా పూరిస్తారు. ఇలా మాటలతో మెలిక పెట్టే తిరకాసు ఆధారాలు వచ్చేసరికి "ఇవి పండితులకు" అని పేజీ తిప్పేస్తారు. నన్నడిగితే మామూలు ఆధారమే కష్టం. "సూర్యుడు (2)" అంటే రవి రాయాలా, భాను రాయాలా, అర్క రాయాలా? పక్క జవాబులు పడితే గానీ తేలదు. తిరకాసు ఆధారంలో జవాబు రెండుసార్లు చెబుతారు. ఒకసారి అర్థంతో, ఇంకోసారి అక్షరాలతో. రెండూ ఒక్కచోట కలిశాక ఇక అనుమానానికి చోటుండదు. పక్కన ఒక్క అక్షరం పడకపోయినా పెన్నుతో రాసేయొచ్చు.

ఈ ఆట పుట్టినప్పుడు తిరకాసు లేదు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన గళ్ళలో అన్నీ నేరు అర్థాలే. మెలికలు పెట్టే అలవాటు 1920లలో బ్రిటన్‌లో ముదిరింది. మన దగ్గర శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు కూర్చుని గళ్ళు కట్టారు. ఇక పనిలోకి దిగుదాం.

ముందు గడి సంగతి

ఇంగ్లీషులో గడికి ఒక లెటర్. తెలుగులో గడికి ఒక అక్షరం, గుణింతం, వత్తు, సున్నా అన్నీ కలుపుకుని. 'స్వాతంత్ర్యం' ఎంత పెద్దగా కనిపించినా మూడు గళ్ళే: స్వా, తం, త్ర్యం. 'గుంటూరు' మూడు, 'బెజవాడ' నాలుగు, 'విజయవాడ' ఐదు. 'బస్' లాంటి మాటల చివర వచ్చే పొల్లు దగ్గర మాత్రం ఒక్కో కూర్పరిది ఒక్కో పద్ధతి. కొందరు ముందు అక్షరంతో కలిపి ఒకే గడిలో పెడతారు, కొందరు విడిగా గడి ఇస్తారు. పోయిన వారం జవాబులు ఒకసారి చూస్తే ఆ పత్రిక పద్ధతి తెలిసిపోతుంది.

దీనివల్ల మనకు లాభమే. అడ్డం, నిలువు కలిసే గడిలో ఇంగ్లీషువాళ్ళకు ఒక్క లెటర్ దొరికితే మనకు గుణింతంతో సహా అక్షరం మొత్తం దొరుకుతుంది. నష్టం కూడా అక్కడే ఉంది. 'గిరాకి' అని రాస్తే, కూర్పరి మనసులో 'గిరాకీ' ఉంటే, ఆ చివరి గడి నుంచి దిగే నిలువు మాట ఎప్పటికీ పడదు. దీర్ఘాల దగ్గర పెన్సిలే వాడండి.

ఆధారాన్ని రెండు ముక్కలు చేయండి

తిరకాసు ఆధారంలో జవాబు అర్థం మొదట్లో ఉంటుంది, లేదా చివర్లో. మధ్యలో ఉండదు. కాబట్టి మొదటి పని రెండు చివరలూ చూసి ఏది అర్థమో ఊహించడం. మిగిలిందంతా జవాబును కట్టే పద్ధతి. ఈ ఆధారం చూడండి:

"గారె, వెంటనే దెబ్బ, మే నెల బెజవాడలో జాగ్రత్త (4)"

ఎవరో గారె దొంగిలించి దెబ్బలు తిన్నట్టు ఉంది. కుడి చివర నుంచి చూడండి: మే నెల బెజవాడలో దేని గురించి జాగ్రత్త పడతాం? ఎండ. జవాబుకు కావాల్సింది నాలుగు అక్షరాలు. గారెకు ఇంకో పేరు వడ. వడ పక్కన దెబ్బ పెడితే వడదెబ్బ. ఇలా ముక్కల్ని వరసగా పేర్చే ఆధారాలు అన్నిటికన్నా తేలిక. కొత్తవాళ్ళు వీటితోనే మొదలుపెట్టాలి.

కామాలు, సెమికోలన్లు, ప్రశ్నార్థకాలు చూసి మోసపోకండి. అవి వాక్యం సాఫీగా చదువుకోవడానికి పెట్టినవి, కోత ఎక్కడ పడాలో చెప్పడానికి కాదు. ఒక్కోసారి కోత మాట మధ్యలోనే పడుతుంది. "తిరుగుటపాలో వచ్చిన గేయం (2)" చూడండి. పోస్టులో వెళ్ళింది పోస్టులోనే తిరిగొచ్చినట్టు చదువుకుంటాం. 'తిరుగు', 'టపా' అని విడదీస్తే టపా తిరిగి పాట అవుతుంది. పాట అంటే గేయం. నాకు ఇలాంటివి భలే ఇష్టం. ఆధారం ఎంత చిన్నదైతే కూర్పరి అంత కష్టపడ్డాడని లెక్క.

సూచన మాటను పట్టుకోండి

చాలా ఆధారాల్లో అక్షరాలతో ఏం చేయాలో చెప్పే మాట ఒకటి ఉంటుంది. దాన్ని సూచన అందాం. ఏ అక్షరాల మీద ఆ పని చేయాలో అవి ముడిసరుకు. సూచన దొరికితే ముడిసరుకు దాని పక్కనే ఉంటుంది.

తిరగబడ్డ, వెనుదిరిగిన, ఎదురు నడిచిన, కుడి నుంచి ఎడమకు లాంటివి కనిపిస్తే అక్షరాలు వెనక నుంచి చదవాలి. నిలువు ఆధారాల్లో ఇవే తలకిందులు, పైకి లేచిన, శీర్షాసనం అవుతాయి. తల లేని, తల తెగిన అంటే మొదటి అక్షరం పోతుంది. తోక తెగిన, చివర లేని అంటే ఆఖరిది పోతుంది. సగం, అర అంటే అక్షరాల్లో సగమే తీసుకోవాలి. మొదట్లో, ఆది, మొదలైన అంటే మొదటి అక్షరాలు. "రైళ్ళు, తుపానులు మొదలైనప్పుడు పొలంలో ఉండేవాడు (2)" అంటే రైతు. మధ్య, కడుపులో, మింగిన, పడిన, చిక్కిన కనిపిస్తే ఒక మాటను ఇంకో మాటలోకి దూర్చాలి. 

దూర్చడానికి మన ఊరి ఉదాహరణే ఇస్తాను. "కారంలో సగం పువ్వు పడితే సంసారమే (3)". పువ్వు రెండక్షరాలు, సగం అంటే 'పు'. దాన్ని 'కారం' మధ్యలో పడేస్తే కాపురం. గుంటూరు వాళ్ళకు ఈ ఆధారం విప్పి చెప్పాల్సిన పనే లేదు.

'లో', 'దాగిన', 'కనిపించే' ఉంటే ఇంకో అనుమానం కూడా పడండి. జవాబు ఆధారంలోనే, రెండు మాటల అతుకు దగ్గర నక్కి ఉండొచ్చు. "మన గరం చాయ్‌లో కనిపించిన పట్టణం (3)". 'మన గరం' గట్టిగా, ఆపకుండా చదవండి: మ, నగరం. చాయ్ అనే మాటకు ఇక్కడ పనేమీ లేదు, వాక్యం నిండుగా ఉండటానికి పెట్టారు. పట్టింపు ఉన్న కూర్పరులు ఇలాంటి దండగ మాట ఒప్పుకోరు. చాయ్ కాబట్టి నేను వదిలేస్తాను.

సూచన మాట ఏదీ కనిపించకపోతే? అప్పుడు రెండు అర్థాల ఆధారం అయ్యుంటుంది. "పచ్చడికి చేయాల్సింది వంద (2)" అంటే నూరు. "గొలుసులో ఉంటుంది, గుంటూరులోనూ ఉంటుంది (2)" అంటే పేట. రెండు పేటల గొలుసు ఒకవైపు, బ్రాడీపేట, అరండల్‌పేట ఇంకోవైపు. ఇక్కడ కూర్పరి ఆడే ఆట ఏమిటంటే నామవాచకాన్ని క్రియలా, క్రియను నామవాచకంలా చూపించడం. రాయి, పాడు, కట్టు, నూరు, ఆరు లాంటి మాటలు కనిపించినప్పుడల్లా రెండు రకాలుగానూ చదివి చూడండి.

తారుమారు అక్షరాలు: అసలు కిటుకు ఇక్కడుంది

కలగాపులగం, చిందరవందర, చెల్లాచెదురు, తారుమారు, గందరగోళం, పిచ్చెక్కిన, చిందులేసిన... ఇలాంటి సూచనలు కనిపిస్తే ముడిసరుకు అక్షరాల్ని మళ్ళీ పేర్చుకోవాలి. కొత్తవాళ్ళు ఇక్కడే టెన్షన్ పడతారు. ఐదక్షరాల్ని పేర్చడానికి 120 రకాలున్నాయి, అన్నీ రాసి చూడటం ఎవరికీ కుదరదు. కానీ తెలుగు మాటకు కొన్ని కట్టుబాట్లున్నాయి. అవి తెలిస్తే 120 కాస్తా చిటికెలో పది ఇరవైకి దిగిపోతాయి.

అచ్చు అక్షరం తెలుగు మాట మధ్యలో రావడం అరుదు. సంధిలో కరిగిపోతుంది. కాబట్టి ముడిసరుకులో అ, ఆ, ఇ, ఉ లాంటిది ఉంటే దాన్ని మొదటి గడిలో కూర్చోబెట్టండి. ల్లి, క్క, బ్బ, త్త లాంటి జంట అక్షరాలతో మాట మొదలవదు. వాటికి మొదటి గడి ఎప్పుడూ ఇవ్వకండి. ప్ర, క్ర, స్వ, శ్రీ లాంటివి మాత్రం మొదట్లో హాయిగా కూర్చుంటాయి, వాటిని జంట అక్షరాల లెక్కలో వేయొద్దు. ణ, ళ మొదట్లో రావు. సున్నా ఉన్న రం, లం, నం, కం లాంటివి కనిపిస్తే ముందు చివరి గడిలో పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడే కుదురుతాయి.

ఇప్పుడు దీన్ని పట్టండి:

"అతివ, రామ తారుమారైతే ఇంద్రుడి పట్నం (5)"

సూచన 'తారుమారు'. ముడిసరుకు అ, తి, వ, రా, మ. అచ్చు మొదటికి పోయింది. నాలుగే మిగిలాయి, అంటే 24 రకాలు. ఈలోగా అర్థం వైపు చూడండి: ఇంద్రుడి పట్నం ఏది? అమరావతి. అక్షరాలు సరిపోయాయి. రాజధాని అని నేరుగా ఇచ్చేస్తే ఈ ప్రాంతంలో ఎవరైనా ఇట్టే పట్టేస్తారని కూర్పరి స్వర్గం దాకా వెళ్ళాడు. ఇలా ఊళ్ళ పేర్లను పురాణం వైపు నుంచో, పంట వైపు నుంచో, బొమ్మల వైపు నుంచో చెప్పడం బాగా వాడుకలో ఉన్న ఎత్తు.

గుడి, కొమ్ము, సున్నా

ఇది అచ్చంగా తెలుగు కూర్పరుల సొత్తు, ఇంగ్లీషువాళ్ళు ఎంత ఏడ్చినా రాదు. మన గుణింతం గుర్తులకు పేర్లున్నాయి. 'కి'లో ఉన్నది గుడి. 'కు'లో ఉన్నది కొమ్ము. సున్నా, దీర్ఘం, వత్తు సరేసరి. ఆధారంలో ఎక్కడైనా గుడి కనిపిస్తే దుర్గగుడి వైపు పరిగెత్తకండి.

"గదిలోంచి గుడి తీసేస్తే భీముడి చేతికొస్తుంది (2)". గది అన్న మాటలో 'ది'కి గుడి ఉంది. తీసేస్తే గద. "కొమ్ము విరిగిన కులం రాస్తుంది (2)". 'కు'లో కొమ్ము పోతే కలం. ఈ ఆధారం నిజ జీవితంలోనూ ఇలాగే పనిచేస్తే ఎంత బాగుండు!

"గడిలో సున్నా చుట్టారు, 2024లో బుడమేరుకు పడింది (2)". గడిలో సున్నా అంటే ఖాళీ గడిలో 0 వేయడం కాదు, 'గడి' అన్న మాటలోనే సున్నా పెట్టడం. గండి. ఆ సెప్టెంబరులో సింగ్ నగర్ వైపు నీళ్ళు చూసినవాళ్ళకు అర్థం వైపు నుంచే జవాబు వచ్చేస్తుంది. అప్పుడు కూడా వెనక్కి వెళ్ళి సున్నా ఎక్కడ పడిందో సరిచూసుకోండి.

ఒకే ఆధారంలో రెండు మూడు పనులు కలిపితే చిక్కులు మొదలవుతాయి. ఒకదాన్ని దగ్గర నుంచి చూద్దాం:

"తల లేని తల్లి, సున్నా పోయిన ఉపాయంలో దూరిందా... కోస్తే కన్నీళ్ళే (4)"

చదివితే గుండె బరువెక్కేలా ఉంది. కంగారు పడకుండా సూచనలు లెక్కపెట్టండి. 'తల లేని', 'సున్నా పోయిన', 'లో దూరిందా', మొత్తం మూడు. ప్రతి సూచనకూ ముడిసరుకు పక్కనే ఉంది. తల్లికి తల తీస్తే 'ల్లి'. ఉపాయంలో సున్నా తీస్తే 'ఉపాయ'. ఇప్పుడు 'ల్లి' ఉపాయలోకి దూరాలి. ఎక్కడ? రెండే చోట్లున్నాయి. ఉ తర్వాత, లేదా పా తర్వాత. మొదటిది ఉల్లిపాయ, రెండోది ఉపాల్లియ. కోస్తే కన్నీళ్ళు తెప్పించేది ఏదో వేరే చెప్పాలా?

గమనించారా, 'ల్లి' మాట మొదట్లోకి రాదన్న కట్టుబాటు ఇక్కడా పనికొచ్చింది. తల లేని తల్లి అనగానే ఇది ఎక్కడికో దూరడానికి వచ్చిందని తెలిసిపోవాలి.

సంధి మర్చిపోవద్దు

ముక్కలు పేర్చే ఆధారాల్లో రెండో ముక్క అచ్చుతో మొదలైతే సంధి జరిగిందేమో చూడండి. "చిన్న చెరువుకు పల్లెతో సంధి, ఘాటుకు పేరు (3)". గుంట, ఊరు. కలిస్తే గుంటూరు. నిజాయితీ ఉన్న కూర్పరి 'సంధి', 'కలిస్తే', 'చేతులు కలిపితే' అని ఎక్కడో ఒక మాట వేస్తాడు. వేయని వాళ్ళూ ఉంటారు.

అలాగే డు, ము, వు, లు లాంటి ప్రత్యయాలు తీసి చూడండి. రాముడు ముడిసరుకులోకి వచ్చేసరికి రామ అవుతాడు, లవుడు లవ అవుతాడు.

గళ్ళు ఒకదానికొకటి ఎలా సాయం చేస్తాయి

మూడు ఆధారాలున్న ఒక మూల తీసుకుందాం. 1 అడ్డం మనం చూసిందే: "అతివ, రామ తారుమారైతే ఇంద్రుడి పట్నం (5)". దాని రెండో గడి నుంచి 2 నిలువు దిగుతుంది: "లక్ష్మి తలకిందులైతే పిండి ఆడుతుంది (2)". నాలుగో గడి నుంచి 3 నిలువు: "కుశుడి జోడీ పైకి లేస్తే చేపలు పడతాయి (2)".

లక్ష్మికి రెండక్షరాల పేరు రమ. తలకిందులైతే మర. మరి గళ్ళలో ఏది రాయాలి, రమ అనా, మర అనా? తిరగేసే ఆధారాల్లో అందరూ జారిపడేది ఇక్కడే. అర్థం ఏ చివర ఉందో చూడండి. 'పిండి ఆడుతుంది' కుడి చివర ఉంది, సూచన లక్ష్మికి అంటుకుని ఉంది. అంటే తిరిగేది లక్ష్మి, జవాబు పిండి ఆడే మర. పై గడిలో మ, కింద ర.

3 నిలువు మా అమ్మమ్మ దగ్గర చదివాను. పురాణాలన్నీ నోటికొచ్చు, తిరకాసు మాత్రం కొత్త.

"కుశుడి జోడీ ఎవరు అమ్మమ్మా?"

"లవుడేరా, అదీ తెలీదా?"

"డు తీసెయ్. ఇప్పుడు కింద నుంచి పైకి చదువు."

"లవ... వల. ఓసి దీని దుంపతెగ, చేపలంటే ఇదా!"

ఇప్పుడు 1 అడ్డంలో రెండో గడి మ, నాలుగో గడి వ. మొదటిది అచ్చు కాబట్టి అ. రా, తి మిగిలాయి, వాటికి రెండు గళ్ళు. ఇంద్రుడి పట్నం గుర్తు రాకపోయినా ఇక ఆగే పని లేదు. అందుకే పెద్ద జవాబుల దగ్గర తల పట్టుకుని కూర్చోవద్దు. చిన్నవి ముందు పడగొట్టి, వాటి అక్షరాలతో పెద్దవాటి మీదికి వెళ్ళండి.

విప్పింది ఇంకొకరికి చెప్పడం

జవాబు తట్టడం వేరు, అది ఎందుకు జవాబో చెప్పగలగడం వేరు. నా మటుకు నేను రెండోది కుదిరేదాకా పెన్ను ముట్టుకోను. ఆధారంలో ప్రతి మాటకూ ఒక పని చూపించగలగాలి: ఇది అర్థం, ఇది సూచన, ఇది ముడిసరుకు, ఇది అతుకు. ఏదైనా మాట మిగిలిపోయిందంటే మీ జవాబన్నా తప్పు, లేకపోతే కూర్పరన్నా బద్ధకించాడు. పదిలో తొమ్మిదిసార్లు మన జవాబే తప్పు.

వివరణ రాసేటప్పుడు ముందు జవాబు, తర్వాత అర్థం, తర్వాత కూర్పు. దూర్చిన అక్షరాల్ని కుండలీకరణంలో పెడితే చూడగానే తెలుస్తుంది. ఇలా:

ఉల్లిపాయ. అర్థం: 'కోస్తే కన్నీళ్ళే'. కూర్పు: ఉపాయంలో సున్నా తీసి ఉపాయ, తల్లికి తల తీసి ల్లి, ఉ(ల్లి)పాయ.

పాట. అర్థం: 'గేయం'. కూర్పు: 'టపా' తిరిగింది.

ఇంతకన్నా పొడుగ్గా రాయక్కర్లేదు. "నాకు వెంటనే తట్టింది" అని రాయడం వల్ల చదివేవాళ్ళకు ఒరిగేదేమీ లేదు.

పక్కనున్న వాళ్ళకు నోటితో చెబుతుంటే మాత్రం జవాబు ముందు చెప్పకండి. "బాబాయ్, అర్థం ఎడమవైపుందా, కుడివైపుందా చూడు" అని అడగండి. తట్టకపోతే సూచన మాట మీద వేలు పెట్టండి. అప్పటికీ రాకపోతే ముడిసరుకు చూపించండి. చాలామంది రెండో మెట్టు దగ్గరే "ఆగాగు, చెప్పకు" అంటారు. ఆ మాట వినబడ్డాక నోరు మూసుకోవడమే మర్యాద.

ముందుకు కదలకపోతే

కాసేపు వదిలేయండి. వేరే పని చూసుకుని వచ్చేసరికి ఆధారం వేరేలా చదవబడుతుంది, ఇది నిజంగా జరుగుతుంది. అయినా రాకపోతే నిఘంటువు తీయడంలో తప్పేమీ లేదు. మాటకు మాట కావాలంటే అమరకోశం, అనుమానం ఉన్న మాట అసలుందా లేదా చూడాలంటే శబ్దరత్నాకరం, ఫోన్లో అయితే ఆంధ్రభారతి. కూర్పరి వాడిన మాట ఎవరూ వినని సంస్కృతమైతే నిఘంటువు చూడక తప్పదు. అలాంటి మాటలు గడికొకటి వేసే కూర్పరి గళ్ళు ఒకటి రెండు చూసి మానేస్తాను. నూరు, పేట, కారం లాంటి మాటలతో మెలికలు పెట్టలేనివాళ్ళే మారుమూల మాటల కోసం వెతుకుతారని నా అనుమానం. జవాబు మొత్తం ఫోన్లో వెతుక్కోవడం మాత్రం ఎందుకో నాకు నచ్చదు. అప్పుడు చేసింది పూరించడం కాదు, నింపడం.

అభ్యాసానికి పాత వారపత్రికలంత మంచివి లేవు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర కట్టలు విప్పించి చూడండి. గళ్ళ పేజీ చింపకుండా ఉన్న సంచికలు ఏరుకోవాలి. వరసగా రెండు మూడు వారాలవి దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే ఒక వారం గళ్ళ జవాబులు తర్వాతి వారాల్లో వేస్తారు. కొన్నింట్లో ముందున్న ఆసామి సగం పూరించి ఉంటాడు. అవీ తీసుకోండి. ఆయన రాసిన ఒక్కో జవాబుకూ వివరణ రాసుకుంటూ పోతే ఆయన తప్పులు బయటపడతాయి, మీకు చెప్పడం అలవాటవుతుంది. విజయవాడలో గుంటూరు ప్యాసింజర్ ఎక్కి కిటికీ పక్కన సీటు దొరికితే ఒక చిన్న గళ్ళనుడికట్టు దిగేలోపు తేలిపోతుంది. కృష్ణా కెనాల్ దగ్గర రైలు నిలబెట్టేస్తే ఇంకో రెండు ఆధారాలు అదనం.

చేతికి పని

ఇప్పుడు ఈ ఐదూ పట్టి చూడండి. మొదటి నాలుగూ అడ్డం, ఐదోది నిలువు.

"వారం మర్చిపోయిన రోజున కొండ, అక్కడ దేవుడికి పానకం (5)"

"రాగి తిరగేసి కీ ఇస్తే మిర్చి యార్డులో రైతు ఎదురుచూసేది (3)"

"సగం పప్పుతో తిరగేసిన వడ కృష్ణ దాటిస్తుంది (3)"

"బంగారం పక్కన సున్నా పోయిన కోట, కొండ మీద కొలువు (5)"

"కొండ కింద దీర్ఘం రాలిన పల్లీ, బొమ్మలకు పేరు (4)"

వివరణలు కింద ఉన్నాయి, ముందే చదివేయకండి.

మంగళగిరి. అర్థం: 'అక్కడ దేవుడికి పానకం', పానకాల నరసింహస్వామి. కూర్పు: మంగళవారంలో వారం పోయి మంగళ, కొండ అంటే గిరి.

గిరాకీ. అర్థం: 'మిర్చి యార్డులో రైతు ఎదురుచూసేది'. కూర్పు: రాగి తిరిగి గిరా, పక్కన కీ. ఇక్కడ కీ దీర్ఘంతోనే ఉంది కాబట్టి మొదట్లో చెప్పిన అనుమానం ఆధారమే తీర్చేసింది.

పడవ. అర్థం: 'కృష్ణ దాటిస్తుంది'. కూర్పు: పప్పులో సగం ప, వడ తిరిగి డవ.

కనకదుర్గ. అర్థం: 'కొండ మీద కొలువు', ఇంద్రకీలాద్రి అమ్మవారు. కూర్పు: బంగారం అంటే కనక, కోట అంటే దుర్గం, సున్నా పోయి దుర్గ.

కొండపల్లి. అర్థం: 'బొమ్మలకు పేరు'. కూర్పు: కొండ, దాని కింద పల్లీలో దీర్ఘం పోయి పల్లి. వేరుశనగను పల్లీ అనడం మన వైపు తక్కువ, అందుకే ఇది తెలంగాణ వాళ్ళకు ముందు తడుతుంది. 'కింద' అన్న మాట నిలువు ఆధారంలోనే చెల్లుతుంది. ఇదే ఆధారం అడ్డంలో కనిపిస్తే కూర్పరికి ఒక కార్డు ముక్క రాసి పడేయొచ్చు.